బెంచ్‌మార్క్ స్క్రిప్ట్‌లో రన్‌టైమ్ కొలవడం: గడియారం ఎంపిక నుంచి ఫలితం భద్రపరిచే దాకా

ఒకే పని చేసే ఫంక్షన్లు రెండున్నాయి. ఏది త్వరగా ముగుస్తుందో తేల్చాలి. ఇలా కొలిచి పోల్చే స్క్రిప్టే బెంచ్‌మార్క్. మొదలుపెట్టే ముందు టైమ్ చూసి, అయ్యాక మళ్లీ చూసి, తేడా తీస్తే లెక్క తేలిపోయినట్టే ఉంటుంది. స్క్రిప్ట్ రూపం నిజంగా అంతే, మూడు లైన్లు. చిక్కంతా ఆ తేడాలోకి పనితో పాటు ఇంకేం చొరబడ్డాయన్న దగ్గరే ఉంది. సిస్టమ్ గడియారం సర్దుబాటు, ఫైల్ తెరవడానికి పట్టిన సమయం, టెర్మినల్ మీద పడిన లైన్లు, పక్కన నడుస్తున్న బ్రౌజర్, వేడెక్కి నెమ్మదించిన ప్రాసెసర్, అన్నీ అందులోకే వచ్చి చేరతాయి. రెండు మూడు శాతం మెరుగుదల అని కనిపించేది తరచూ వీటి ఫలితమే.

ఉదాహరణకు ఇక్కడ తీసుకున్న పని ఇది: ఒక పెద్ద తెలుగు టెక్స్ట్ ఫైల్‌లో ఏ పదం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం. దాన్ని పైథాన్‌లో రెండు రకాలుగా రాశాం అనుకోండి. ఒకటి మామూలు డిక్షనరీతో, లూప్‌తో. రెండోది కలెక్షన్స్ మాడ్యూల్‌లోని కౌంటర్‌తో. మెషీన్ లైనక్స్, పైథాన్ 3.7 లేదా ఆ పై వెర్షన్. ఇతర భాషల వాళ్లకి కావలసిన తేడాలు దారిలో వస్తాయి.

1. ఏ సమయం కావాలో ముందు తేల్చుకోండి

లైనక్స్ టెర్మినల్‌లో ఏ కమాండ్‌కైనా ముందు టైమ్ అని చేర్చి నడిపితే మూడు అంకెలు వస్తాయి: రియల్, యూజర్, సిస్. రియల్ అంటే బయట గోడ గడియారంలో గడిచిన సమయం. యూజర్ అంటే ప్రోగ్రామ్ కోడ్ ప్రాసెసర్ మీద నడిచిన సమయం. సిస్ అంటే ఆ ప్రోగ్రామ్ కోసం కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం, పని చేసిన సమయం.

రెండు సెకన్లు నిద్రపోయే స్లీప్ కమాండ్‌ని కొలిస్తే రియల్ 2 సెకన్లు చూపిస్తుంది, యూజర్ దాదాపు సున్నా. రియల్ కంటే యూజర్, సిస్‌ల మొత్తం బాగా తక్కువగా ఉంటే ప్రోగ్రామ్ దేనికోసమో ఎదురుచూస్తోందని అర్థం: డిస్క్, నెట్‌వర్క్, లాక్, లేదా ప్రాసెసర్ మీద తన వంతు. ఆ మొత్తమే రియల్‌ని దాటితే పని ఒకటికి మించిన కోర్‌ల మీద నడిచింది.

వాడేవాళ్లు ఎంతసేపు ఆగాలన్నది మీ ప్రశ్న అయితే గడిచిన సమయం కొలవాలి. అల్గారిథమ్ ఎంత లెక్క చేస్తోందన్నది ప్రశ్న అయితే ప్రాసెసర్ సమయం కూడా పక్కనే రాసుకోవాలి. పైథాన్‌లో ఆ రెండోదానికి ప్రాసెస్ టైమ్ ఫంక్షన్ ఉంది. అది నిద్రను లెక్కపెట్టదు, మీ స్క్రిప్ట్ పుట్టించిన చైల్డ్ ప్రాసెస్‌ల సమయాన్నీ లెక్కపెట్టదు. మల్టీప్రాసెసింగ్‌తో రాసిన కోడ్‌ని దాంతో కొలిస్తే అసలు పనంతా కనిపించకుండా పోయి, అద్భుతమైన అంకె వస్తుంది.

సీ భాషలో క్లాక్ ఫంక్షన్ దగ్గర జాగ్రత్త. లైనక్స్ మీద అది ప్రాసెసర్ సమయం ఇస్తుంది. విండోస్ మీద మైక్రోసాఫ్ట్ లైబ్రరీలో అదే పేరున్న ఫంక్షన్ గడిచిన సమయం ఇస్తుంది. ఒకే కోడ్ రెండు చోట్ల రెండు వేర్వేరు విషయాలు కొలుస్తుంది.

2. వెనక్కి నడవని గడియారం ఎంచుకోండి

పైథాన్‌లో టైమ్ మాడ్యూల్‌లోని టైమ్ ఫంక్షన్ 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లు ఇస్తుంది. లాగ్‌లో తేదీ వేయడానికి అది సరైనదే. వ్యవధి కొలవడానికి మాత్రం కాదు. సరైన సమయం ఇచ్చే ఎన్‌టీపీ సర్వర్‌తో సరిపోల్చుకుని సిస్టమ్ ఆ గడియారాన్ని ముందుకో వెనక్కో జరపగలదు, వర్చువల్ మెషీన్ నిద్ర లేచినప్పుడు అది ఒక్కసారిగా గెంతగలదు. అలాంటి క్షణం మీ రెండు రీడింగుల మధ్య పడితే వ్యవధి పెరుగుతుంది, తగ్గుతుంది, రుణ సంఖ్య కూడా కావచ్చు.

ఇది ఊహ కాదు. 2016 డిసెంబర్ 31 అర్ధరాత్రి, అంతర్జాతీయ ప్రామాణిక సమయం యూటీసీ ప్రకారం, గడియారాలకు ఒక అదనపు సెకను, అంటే లీప్ సెకను, కలిపారు. మన దగ్గర అప్పటికి జనవరి 1 ఉదయం ఐదున్నర కావస్తోంది. క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ గో భాషలో రాసుకున్న డీఎన్ఎస్ సాఫ్ట్‌వేర్ (వెబ్‌సైట్ పేర్లని ఐపీ అడ్రస్‌లుగా మార్చేది), సమయం వెనక్కి వెళ్లదన్న నమ్మకంతో వ్యవధులు లెక్కవేస్తోంది. తేడా రుణ సంఖ్యగా వచ్చేసరికి ర్యాండమ్ నంబర్ ఫంక్షన్ దాన్ని భరించలేక ప్యానిక్ అయింది (ఎర్రర్‌తో మధ్యలోనే ఆగింది), కొన్ని డీఎన్ఎస్ అభ్యర్థనలు విఫలమయ్యాయి. 2017 ఆగస్టులో వచ్చిన గో 1.9 నుంచి టైమ్ నౌ ఇచ్చే విలువలో మోనోటోనిక్ రీడింగ్ కూడా కలిసి వస్తోంది.

మోనోటోనిక్ గడియారం అంటే ఎప్పుడూ ముందుకే నడిచేది. పైథాన్‌లో వాడాల్సింది పెర్ఫ్ కౌంటర్. ఇది 3.3లో వచ్చింది. అంతకుముందు వాడిన టైమ్ క్లాక్‌ని 3.8లో పూర్తిగా తీసేశారు, కాబట్టి పాత ట్యుటోరియల్ నుంచి కాపీ చేసిన కోడ్ అక్కడ ఎర్రర్ ఇస్తుంది. 3.7 నుంచి పెర్ఫ్ కౌంటర్ ఎన్ఎస్ ఉంది. అది దశాంశాలు లేకుండా నానోసెకన్లను పూర్ణాంకంగా ఇస్తుంది. అదే వాడండి, కారణం ఇది. 1970 నుంచి లెక్కించిన సెకన్లు ఇప్పుడు 170 కోట్లు దాటాయి. అంత పెద్ద సంఖ్యను 64 బిట్ ఫ్లోట్‌లో (దశాంశ సంఖ్యల రకంలో) దాస్తే పక్కపక్క విలువల మధ్య ఎడం సుమారు 238 నానోసెకన్లు. అంతకంటే సన్నని తేడా ఆ ఫ్లోట్‌లో పట్టదు. పెర్ఫ్ కౌంటర్ సంఖ్య చిన్నది కాబట్టి ఈ బాధ తక్కువే, అయినా పూర్ణాంకం ఉండగా ఫ్లోట్‌తో పనేముంది?

విండోస్‌లో పాత పైథాన్ వెర్షన్ల టైమ్ ఫంక్షన్ సుమారు 15.6 మిల్లీసెకన్లకోసారి మాత్రమే మారుతుంది. వ్యవధులు సున్నా, 15.6, సున్నా, 31.2 అని మెట్లుమెట్లుగా వస్తుంటే తప్పు గడియారం వాడుతున్నట్టే.

ఇతర భాషల్లో: జావాలో సిస్టమ్ నానోటైమ్ వాడండి, కరెంట్ టైమ్ మిల్లీస్ వద్దు. సీ ప్లస్ ప్లస్‌లో స్టెడీ క్లాక్. హై రిజల్యూషన్ క్లాక్ అనే పేరు ఊరిస్తుంది గానీ, జీసీసీతో వచ్చే లైబ్రరీలో అది సిస్టమ్ క్లాక్‌కే మరో పేరు. రస్ట్‌లో ఇన్‌స్టంట్. నోడ్‌లో హెచ్ఆర్‌టైమ్ బిగ్‌ఇంట్. బ్రౌజర్‌లో పెర్ఫార్మెన్స్ నౌ ఉంది, కానీ 2018 జనవరిలో ప్రాసెసర్లలోని స్పెక్టర్ అనే భద్రతా లోపం బయటపడ్డాక బ్రౌజర్లు దాని సన్నదనాన్ని కావాలనే తగ్గించాయి. అక్కడ మైక్రోసెకన్ల పనిని ఒక్కసారి కొలిచి ఏమీ చెప్పలేం.

మోనోటోనిక్ గడియారపు విలువకు విడిగా అర్థం లేదు. రెండు రీడింగుల తేడాకే అర్థం. ఒక మెషీన్ మీద తీసిన రీడింగ్‌ని ఇంకో మెషీన్ రీడింగ్ నుంచి తీసివేయకూడదు. లైనక్స్‌లో ఇది సస్పెండ్ అయిన సమయాన్ని లెక్కించదు. రాత్రంతా నడిచే బెంచ్‌మార్క్ మధ్యలో ల్యాప్‌టాప్ మూత మూస్తే ఆ విరామం ఫలితంలో కనిపించదు. అదీ కావాలంటే బూట్‌టైమ్ అనే వేరే గడియారం ఉంది.

3. గడియారం చూడటానికే ఎంత పడుతుందో కొలవండి

టైమ్ చూడటం కూడా ఒక పనే. మధ్యలో ఏమీ పెట్టకుండా వెంటవెంటనే రెండు రీడింగులు తీసి, తేడా రాసుకోవడం లక్షసార్లు చేయండి. వాటి మధ్యస్థం మీ కొలతకయ్యే కనీస ఖర్చు. మామూలు ల్యాప్‌టాప్ మీద పైథాన్‌లో అది పదుల నానోసెకన్ల నుంచి వంద దాకా ఉంటుంది.

ఒక్క రీడింగ్‌కే మైక్రోసెకను దాటుతుంటే లైనక్స్ ఏ క్లాక్‌సోర్స్ (సమయం తెచ్చుకునే చోటు) వాడుతోందో చూడండి. సిస్ డైరెక్టరీ కింద డివైసెస్, సిస్టమ్, క్లాక్‌సోర్స్, క్లాక్‌సోర్స్0 లోపల కరెంట్ క్లాక్‌సోర్స్ అనే ఫైల్ ఉంటుంది. అందులో టీఎస్‌సీ అని ఉంటే మంచిది, కెర్నల్‌లోకి వెళ్లకుండానే ప్రాసెసర్ కౌంటర్ చదివి సమయం తెచ్చేస్తుంది. హెచ్‌పీఈటీ అనో ఏసీపీఐ పీఎం అనో ఉంటే ప్రతి రీడింగూ ఖరీదైనదే. పాత క్లౌడ్ మెషీన్ల మీద జెన్ అని కనిపించడమూ ఉంది, అక్కడా కెర్నల్ కాల్ తప్పదు.

ఒక లెక్క పెట్టుకోండి: కొలిచే భాగం ఆ ఖర్చుకి కనీసం వెయ్యి రెట్లు ఉండాలి. రీడింగ్‌కి 100 నానోసెకన్లైతే పని 100 మైక్రోసెకన్లకు తగ్గకూడదు. అంతకంటే చిన్నదైతే అదే పనిని లోపలి లూప్‌లో వందసార్లో పదివేలసార్లో నడిపి, మొత్తాన్ని భాగించాలి. పైథాన్‌తో వచ్చే టైమిట్ చేసేది ఇదే. ఎన్నిసార్లు తిప్పాలో చెప్పకుండా కమాండ్‌గా నడిపితే 1, 2, 5, 10, 20, 50 అంటూ పెంచుకుంటూ పోయి, మొత్తం 0.2 సెకన్లు చేరిన దగ్గర ఆగుతుంది. మీ స్క్రిప్ట్‌లోనూ ఆ పద్ధతే పెట్టుకోవచ్చు.

4. రెండు రీడింగుల మధ్య పని తప్ప ఇంకేదీ ఉండనివ్వకండి

స్క్రిప్ట్ నడక ఇలా ఉండాలి:

    టెక్స్ట్ = ఫైల్_చదువు("వార్తలు")
    సరైనది = నమ్మకమైన_జవాబు(టెక్స్ట్)
    కాలాలు = []

    30 సార్లు:
        జవాబు = ఖాళీ
        ఇన్‌పుట్ = నకలు(టెక్స్ట్)
        మొదలు = పెర్ఫ్_కౌంటర్_ఎన్ఎస్()
        జవాబు = పని(ఇన్‌పుట్)
        ముగింపు = పెర్ఫ్_కౌంటర్_ఎన్ఎస్()
        కాలాలు.చేర్చు(ముగింపు - మొదలు)
        జవాబు, సరైనది ఒకటి కాకపోతే ఆపేయి

ఇందులో ప్రతి లైనూ ఏదో ఒక తప్పును అడ్డుకోవడానికే ఉంది.

ఫైల్ చదవడం బయట ఉంది, ఎందుకంటే మన ప్రశ్న లెక్కపెట్టడం గురించి. చదవడం కూడా ప్రశ్నలో భాగమైతే దాన్ని లోపల పెట్టండి, కానీ అది వేరే బెంచ్‌మార్క్ అని పేరులోనే తెలియాలి.

జవాబు = ఖాళీ అన్న లైన్ చాలా స్క్రిప్టుల్లో ఉండదు. సీపైథాన్‌లో, అంటే అందరూ మామూలుగా వాడే పైథాన్‌లో, ఒక వస్తువుని ఎవరూ పట్టుకోనప్పుడు దాన్ని అక్కడికక్కడే చెరిపేస్తారు. రెండో రన్‌లో కొత్త డిక్షనరీని జవాబు అన్న పేరుకి కట్టగానే మొదటి రన్ తాలూకు డిక్షనరీ అనాథ అవుతుంది, దాన్ని విడుదల చేసే పని ముగింపు రీడింగ్‌కి ముందే జరుగుతుంది. లక్షల పదాలున్న డిక్షనరీ అయితే అది మిల్లీసెకన్ల ఖర్చు. మొదటి రన్‌కి ఆ ఖర్చు లేదు, మిగతా వాటన్నిటికీ ఉంది. ముందే ఖాళీ చేస్తే ఆ పని గడియారం బయటకి పోతుంది.

నకలు ఎందుకంటే, ఇన్‌పుట్‌ని మార్చే ఫంక్షన్లుంటాయి. పదాల లెక్కకు అవసరం పడకపోవచ్చు గానీ, లిస్ట్‌ని ఉన్నచోటే సార్ట్ చేసే కోడ్‌కి తప్పనిసరి. మొదటి రన్ అయ్యేసరికి లిస్ట్ వరుసలో ఉంటుంది. పైథాన్ సార్ట్ ముందే వరుసలో ఉన్న లిస్ట్‌ని ఒక్క చుట్టులో చూసి వదిలేస్తుంది. రెండో రన్ నుంచి మీరు కొలిచేది సార్టింగ్ కాదు. జెనరేటర్ (విలువల్ని ఒక్కొక్కటిగా, ఒక్కసారే ఇచ్చేది) ఇచ్చారా, ఇంకా ఘోరం: మొదటి రన్ దాన్ని పూర్తిగా తాగేస్తుంది, తర్వాతవన్నీ ఖాళీ మీద నడిచి దాదాపు సున్నా చూపిస్తాయి.

చివరి లైన్, జవాబు సరిచూడటం, అన్నిటికంటే విలువైనది. తప్పు జవాబిచ్చే కోడ్ చాలాసార్లు వేగంగానే నడుస్తుంది. ఫైల్ దొరకక ఎర్రర్ మింగేసిన ఫంక్షన్ అందరికంటే ముందు పరుగు ముగిస్తుంది. ఫలితాన్ని సరిచూడని బెంచ్‌మార్క్‌ని లెక్కలోకి తీసుకోకపోవడమే మేలు.

రెండు రీడింగుల మధ్య ప్రింట్ పెట్టకండి. లాగింగ్ వద్దు, ప్రోగ్రెస్ బార్ వద్దు.

ఇన్‌పుట్ గురించి ఒక మాట. తెలుగు టెక్స్ట్‌తో నడిచే కోడ్‌ని తెలుగు టెక్స్ట్‌తోనే కొలవాలి. ఫైల్‌లో యూటీఎఫ్-8 ప్రకారం తెలుగు అక్షరానికీ గుణింతపు గుర్తుకీ ఒక్కోదానికి 3 బైట్లు, ఇంగ్లిష్ అక్షరానికి 1. మెమరీలోకి వచ్చాక సీపైథాన్ ఇంగ్లిష్ స్ట్రింగ్‌కి అక్షరానికి 1 బైట్ చొప్పున, తెలుగు స్ట్రింగ్‌కి 2 చొప్పున కేటాయిస్తుంది. డీకోడ్ చేసే దారి కూడా వేరు, పూర్తి ఆస్కీ (మామూలు ఇంగ్లిష్ అక్షరాల) టెక్స్ట్‌కి ప్రత్యేకమైన దగ్గరి దారి ఉంది. ఇంటర్నెట్‌లో దొరికిన ఇంగ్లిష్ నమూనాతో తేల్చిన గెలుపు మీ వార్తల ఆర్కైవ్ మీద నిలవాలని లేదు.

5. పని నిజంగా జరిగిందా?

కొన్ని చోట్ల ఫంక్షన్ తిరిగి వస్తుంది, పని మాత్రం అవ్వదు. మెషిన్ లెర్నింగ్ చేసేవాళ్లు ఎక్కువగా పడేది ఈ గోతిలోనే. జీపీయూ (గ్రాఫిక్స్ ప్రాసెసర్) మీద పైటార్చ్ లైబ్రరీతో మ్యాట్రిక్స్ గుణకారం పిలిస్తే, ఆ పనిని వరుసలో పెట్టి పైథాన్ వెంటనే ముందుకి వెళ్లిపోతుంది. అప్పుడు గడియారం చూస్తే తెలిసేది పని అప్పగించడానికి పట్టిన సమయం మాత్రమే. వరుసలోని పని పూర్తయ్యేదాకా ఆగడానికి పైటార్చ్‌లో క్యూడా సింక్రనైజ్ (torch.cuda.synchronize) అనే ఫంక్షన్ ఉంది. దాన్ని ముగింపు రీడింగ్‌కి ముందు పిలవాలి, మొదలు రీడింగ్‌కి ముందూ పిలవాలి. రెండోది మరిచిపోతే అంతకుముందు వరుసలో మిగిలిపోయిన పని ఈ కొలతలో కలుస్తుంది.

సోమరి లెక్కలూ అంతే. పెద్ద డేటా మీద పని చేసే స్పార్క్‌లో మ్యాప్, ఫిల్టర్ పిలిస్తే ప్రణాళిక మాత్రమే తయారవుతుంది, కౌంట్ లాంటి చర్య అడిగినప్పుడే పని మొదలవుతుంది. డేటాబేస్‌లో ఎగ్జిక్యూట్ తిరిగి వచ్చినంత మాత్రాన వరుసలన్నీ మీ చేతికి వచ్చినట్టు కాదు, ఫెచ్ ఆల్ దాకా కొలవాలి.

సీ, సీ ప్లస్ ప్లస్, రస్ట్‌లలో కంపైలర్ మరో రకంగా దెబ్బతీస్తుంది. ఫలితాన్ని ఎవరూ వాడకపోతే లెక్కనే పీకేస్తుంది. కోటి చుట్ల లూప్ సున్నా నానోసెకన్లలో ముగిసిందంటే జరిగింది అదే. రస్ట్‌లో బ్లాక్ బాక్స్, గూగుల్ బెంచ్‌మార్క్ లైబ్రరీలో డునాట్ ఆప్టిమైజ్ ఇందుకోసమే ఉన్నాయి.

6. వార్మప్: చల్లటి రన్, వెచ్చటి రన్

మొదటి రన్ దాదాపు ఎప్పుడూ నెమ్మది. ఫైల్ ఇంకా డిస్క్ మీదే ఉంటుంది, ప్రాసెసర్ క్యాష్ (దాని దగ్గరి చిన్న మెమరీ) ఖాళీగా ఉంటుంది, మాడ్యూళ్లు లోడవుతుంటాయి. రెండోసారికి ఫైల్ లైనక్స్ పేజ్ క్యాష్‌లో, అంటే మెమరీలో ఉంటుంది. జావాలో, పైపై (PyPy) అనే మరో రకం పైథాన్‌లో, నడుస్తుండగానే కోడ్‌ని యంత్ర భాషలోకి మార్చే జిట్ కంపైలర్ కోడ్‌ని వేడెక్కించడానికి వేల పిలుపులు పట్టొచ్చు. సీపైథాన్‌లో రెండు మూడు వార్మప్ రన్‌లు సాధారణంగా చాలు.

వార్మప్ విలువల్ని లెక్కలోంచి తీసేయండి గానీ పారేయకండి, వేరే జాబితాలో రాయండి. టైమ్ ప్రకారం దానంతటదే రోజుకొకసారి నడిచే క్రాన్ జాబ్‌కి అసలు ముఖ్యమైనది చల్లటి రన్నే. దాన్నే కొలవాలంటే ప్రతి రన్‌కి ముందు సింక్ కమాండ్ ఇచ్చి, ప్రాక్ డైరెక్టరీలో సిస్, వీఎం కింద ఉన్న డ్రాప్ క్యాషెస్ ఫైల్‌లో 3 అని రాయాలి. రూట్ అధికారం కావాలి. పదిమంది వాడే సర్వర్ మీద ఈ పని చేయకండి, అందరి క్యాష్ ఒకేసారి ఖాళీ అవుతుంది.

టైమిట్ గురించి తెలుసుకోవలసిన ఇంకో సంగతి: కొలిచేటప్పుడు అది గార్బేజ్ కలెక్టర్‌ని (వాడకం అయిపోయిన మెమరీని విడిపించేదాన్ని) ఆపేస్తుంది. చిన్న ముక్కలకి అది మంచిదే. లక్షల వస్తువులు పుట్టించే కోడ్‌కి అసలు వాడకంలో కలెక్టర్ నడుస్తుంది కాబట్టి, సెటప్ భాగంలో జీసీ ఎనేబుల్ పిలిచి దాన్ని మళ్లీ ఆన్ చేయాలి.

7. ఎన్నిసార్లు, ఏ వరుసలో, ఏ అంకె

రన్‌టైమ్ విలువలు రెండు వైపులా సమానంగా చెదరవు. పని తీసుకునే కనీస సమయానికి కింద ఒక నేల ఉంటుంది. పైన మాత్రం హద్దు లేదు, ఏదో అప్‌డేట్ మొదలైతే ఒక రన్ రెట్టింపు కావచ్చు. అందుకే ఒక్క సగటు మోసం చేస్తుంది, ఒక్క చెడ్డ రన్ దాన్ని పైకి లాగేస్తుంది. మధ్యస్థం, కనిష్ఠం, రెండూ రాయండి. ప్రాసెసర్ మీద మాత్రమే నడిచే చిన్న కోడ్‌కి కనిష్ఠం నమ్మదగినది. టైమిట్ కూడా 5 ప్రయత్నాల్లో మంచిదాన్నే చూపిస్తుంది. నెట్‌వర్క్, డిస్క్, థ్రెడ్‌లు ఉన్న పనికి కనిష్ఠం అంటే అదృష్టం కలిసొచ్చిన రన్, అక్కడ మధ్యస్థమూ పై శాతకాలూ (వందలో ఇన్ని రన్‌లు ఈ విలువ లోపే అని చెప్పేవి) చూడాలి. పది రన్‌లు తీసి 99వ శాతకం అని రాయకండి, అది గరిష్ఠానికే ఇంకో పేరు.

ఒకదాని రన్‌లన్నీ ముందు, రెండోదానివన్నీ తర్వాత నడపొద్దు. మొదటిది నడిచేసరికి ప్రాసెసర్ వేడెక్కి ఉంటుంది, ఆ వేడి రెండోదాని ఖాతాలో పడుతుంది. ఒకటి, రెండు, రెండు, ఒకటి అని కలిపి నడపండి, లేదా ప్రతి చుట్టులో వరుసని ర్యాండమ్‌గా మార్చండి.

పోల్చే ముందు తప్పక చేయాల్సిన పరీక్ష ఒకటుంది. ఒకే ఫంక్షన్‌ని రెండు పేర్లతో ఇచ్చి మొత్తం బెంచ్‌మార్క్ నడపండి. తేడా సున్నా రావాలి, రాదు. ఒకటిన్నర శాతం వచ్చిందనుకోండి, మీ మెషీన్ మీద ఈ స్క్రిప్ట్ గుర్తించగలిగే కనీస తేడా అంతకంటే ఎక్కువే. ఆ తర్వాత కౌంటర్ ఒక శాతం వేగం అని వస్తే దాని గురించి నోరెత్తకూడదు. ఈ పరీక్షకి కొత్త కోడ్ ఏమీ అక్కర్లేదు, అయినా ఎక్కువమంది వదిలేసేది దీన్నే.

ఒకే ప్రాసెస్‌లో 30 రన్‌లు తీసినా చాలకపోవచ్చు. పైథాన్ స్ట్రింగ్‌ల హాష్ విలువలు (డిక్షనరీలో చోటు తేల్చే సంఖ్యలు) ప్రతి ప్రాసెస్‌కీ మారతాయి, దాంతో డిక్షనరీలో పదాలు పడే చోట్లూ, ఢీకొట్టుకునే తీరూ మారతాయి. పదాల లెక్కకి ఇది నేరుగా తగిలే విషయం. ఒక ప్రాసెస్‌లోని 30 రన్‌లూ ఒకే అమరికను 30 సార్లు కొలుస్తాయి. 10 ప్రాసెస్‌లు పుట్టించి ఒక్కోదాంట్లో 3 రన్‌లు తీయడం అంతకంటే నిజాయతీగా ఉంటుంది. పైపెర్ఫ్ అనే మాడ్యూల్ మామూలుగా 20 ప్రాసెస్‌లు నడుపుతుంది, కారణం ఇదే. హాష్ సీడ్‌ని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో 0కి కట్టేయొచ్చు, అంకెలు నిలకడగా వస్తాయి. కానీ అప్పుడు మీరు ఒక్క అమరిక గురించే మాట్లాడుతున్నారు.

అమరిక ప్రభావం ఎంత దూరం పోతుందో 2009లో ఏఎస్‌పీఎల్‌ఓఎస్ అనే కంప్యూటర్ పరిశోధన సదస్సులో వచ్చిన ఒక పరిశోధన పత్రం చూపింది. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ మొత్తం పరిమాణం మారినా, ఆబ్జెక్ట్ ఫైళ్లను లింక్ చేసిన వరుస మారినా ప్రోగ్రామ్ వేగం మారింది. కోడ్‌లో అక్షరం మారలేదు. యూజర్ పేరు పొడవు వేరైన రెండు ఖాతాల్లో ఒకే బైనరీ వేర్వేరు అంకెలిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

8. మెషీన్‌ని నిలకడగా ఉంచండి

ల్యాప్‌టాప్‌ని ఛార్జర్‌కి పెట్టండి, బ్రౌజర్ మూసేయండి. సీపీయూపవర్ కమాండ్‌తో ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే ఫ్రీక్వెన్సీ గవర్నర్‌ని పెర్ఫార్మెన్స్‌కి మార్చండి. టర్బో, అంటే ప్రాసెసర్ కాసేపు తన వేగం పెంచుకోవడం, ఆపితే అంకెలు పెద్దవవుతాయి, చెదురు తగ్గుతుంది. పోలికకి కావలసింది రెండోదే. ఇంటెల్ పీస్టేట్ డ్రైవర్ ఉన్నచోట నో టర్బో అనే ఫైల్‌లో 1 రాయడమే.

ఇంటెల్ 12వ తరం నుంచి చాలా డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో రెండు రకాల కోర్‌లున్నాయి, పెద్దవీ చిన్నవీ. ఒక రన్ పెద్ద కోర్ మీద, మరొకటి చిన్నదాని మీద పడితే తేడా శాతాల్లో కాదు, రెట్లలో ఉండొచ్చు. ఫలితాలు రెండు గుంపులుగా విడిపోయి కనిపిస్తే ముందు దీన్నే అనుమానించండి. టాస్క్‌సెట్ కమాండ్‌తో స్క్రిప్ట్‌ని ఒకే కోర్‌కి కట్టేయండి. ఎల్ఎస్‌సీపీయూ కమాండ్‌ని చిన్న ఈ (-e) ఆప్షన్‌తో నడిపితే ఏ కోర్ గరిష్ఠ వేగం ఎంతో తెలుస్తుంది. చాలా థ్రెడ్‌లున్న ప్రోగ్రామ్‌ని మాత్రం ఒక కోర్‌కి కట్టకూడదు, కొలవాలనుకున్న గుణమే పోతుంది.

వేడి సంగతి మన దగ్గర చిన్నది కాదు. మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో ల్యాప్‌టాప్ నిమిషాల్లోనే తన వేగం తానే తగ్గించుకుంటుంది. పొద్దున తీసిన పాత కోడ్ అంకెనీ మధ్యాహ్నం తీసిన కొత్త కోడ్ అంకెనీ పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పొద్దు. రెండూ ఒకే కూర్చోడంలో, కలగలిపి నడవాలి.

పంచుకునే క్లౌడ్ మెషీన్ మీద నడిచే సీఐ (కోడ్ మారినప్పుడల్లా పరీక్షలు నడిపే వ్యవస్థ) జాబ్‌లో సెకన్లని బట్టి బిల్డ్‌ని ఫెయిల్ చేయకండి. పక్కింటి వర్చువల్ మెషీన్ ఏం చేస్తోందో మీ చేతిలో లేదు. అక్కడ పాత కోడ్, కొత్త కోడ్ రెంటినీ అదే జాబ్‌లో నడిపి నిష్పత్తి చూడండి.

9. బ్యాష్ స్క్రిప్ట్‌తో కొలిచేటప్పుడు

పూర్తి ప్రోగ్రామ్‌ని బయట నుంచి కొలవాలంటే సులువైన దారి హైపర్‌ఫైన్ అనే కమాండ్ టూల్. అది కనీసం 10 రన్‌లు తీస్తుంది, వార్మప్ సంఖ్య ఇవ్వొచ్చు, ప్రతి రన్ ముందు నడపాల్సిన కమాండ్ ఇవ్వొచ్చు, ఫలితాన్ని జేసన్‌లో రాయించవచ్చు. కమాండ్ సున్నా కాని ఎగ్జిట్ కోడ్ ఇస్తే ఆగిపోతుంది. 5 మిల్లీసెకన్ల లోపు ముగిసే కమాండ్‌కి షెల్ ప్రారంభ సమయమే అడ్డొస్తుంది, అప్పుడు షెల్ లేకుండా నడిపే పెద్ద ఎన్ ఆప్షన్ ఇవ్వండి.

చేత్తో రాయాల్సి వస్తే, సెకండ్స్ వేరియబుల్ పూర్తి సెకన్లే ఇస్తుంది. డేట్ కమాండ్‌కి శాతం గుర్తుతో చిన్న ఎస్, వెంటనే శాతం గుర్తుతో పెద్ద ఎన్ ఇస్తే నానోసెకన్లు వస్తాయి. కానీ నాలుగు చిక్కులున్నాయి. అది గోడ గడియారం, అంటే ముందుకో వెనక్కో జరగగలిగేది. పిలిచిన ప్రతిసారీ కొత్త ప్రాసెస్ పుడుతుంది, దానికే మిల్లీసెకను స్థాయిలో పడుతుంది. ఎన్‌ని విడిగా తీస్తే 089 లాంటి సంఖ్య వచ్చినప్పుడు ముందున్న సున్నా చూసి బ్యాష్ దాన్ని అష్టాంశం (0 నుంచి 7 దాకా అంకెలే ఉండే ఆక్టల్ సంఖ్య) అనుకుని ఎర్రర్ ఇస్తుంది, అదీ ఎప్పుడో ఒకసారి మాత్రమే, కాబట్టి పట్టుకోవడం కష్టం. 19 అంకెల ఆ సంఖ్యని ఆక్ (awk) కమాండ్‌కి ఇచ్చి తీసివేస్తే ఫ్లోట్‌లో పట్టక 256 నానోసెకన్ల మెట్లు వస్తాయి. బ్యాష్ సొంత పూర్ణాంక లెక్కలో ఆ చివరి బాధ లేదు.

బ్యాష్ 5లో ఈపోక్ రియల్‌టైమ్ వేరియబుల్ ఉంది, ప్రాసెస్ పుట్టించకుండా మైక్రోసెకన్లు ఇస్తుంది. దశాంశ గుర్తు లొకేల్‌ని (భాష, ప్రాంతపు సెట్టింగ్‌ని) బట్టి చుక్క గానీ కామా గానీ అవుతుంది, అందుకే స్క్రిప్ట్ మొదట్లో ఎల్‌సీ ఆల్‌ని సీ అని పెట్టుకోండి. ఇదీ గోడ గడియారమే, కాబట్టి సెకన్లు పట్టే పనులకి సరే. మాక్‌తో వచ్చే బ్యాష్ 3.2లో ఇది దొరకదు.

టైమ్ అనే మాట బ్యాష్‌లో కీవర్డ్. పైప్‌తో కలిపిన కమాండ్ల మొత్తాన్నీ కొలుస్తుంది. యూఎస్ఆర్ బిన్‌లో ఉన్న టైమ్ ప్రోగ్రామ్ పైప్‌లో మొదటి కమాండ్‌నే కొలుస్తుంది. దానికి చిన్న వీ ఆప్షన్ ఇస్తే గరిష్ఠ మెమరీ వాడకం కూడా చెబుతుంది.

10. ఫలితంతో పాటు ఏం రాయాలి

సారాంశం ఒక్కటే దాచకండి. ప్రతి రన్ విలువనీ, నడిచిన వరుసలోనే, జేసన్‌లో గానీ సీఎస్‌వీలో గానీ ఉంచండి. మధ్యలో మెషీన్ వేడెక్కిందా, విలువలు రెండు గుంపులయ్యాయా అన్నది వరుస పోతే తెలియదు. పక్కనే ఇవి ఉండాలి: గిట్ కమిట్, పైథాన్ పూర్తి వెర్షన్, కెర్నల్ వెర్షన్, ప్రాసెసర్ మోడల్, గవర్నర్, టర్బో స్థితి, ఏ కోర్‌కి కట్టారు, ఇన్‌పుట్ ఫైల్ పరిమాణం, దాని షా256 (ఫైల్ మారలేదని తేల్చే గుర్తింపు సంఖ్య). గడియారం వివరాలకి పైథాన్‌లో గెట్ క్లాక్ ఇన్ఫో అనే ఫంక్షన్ ఉంది. పెర్ఫ్ కౌంటర్ వెనక ఏ వ్యవస్థ ఉంది, అది మోనోటోనిక్ అవునా కాదా అన్నవి చెబుతుంది. అది చూపే రిజల్యూషన్ సిస్టమ్ చెప్పుకునే విలువ మాత్రమే, మూడో దశలో మీరు కొలిచిందే అసలైనది.

సమయం కాలమ్ పేరులో ప్రమాణం ఉండాలి: వ్యవధి అని కాకుండా వ్యవధి_ఎన్ఎస్ అని. లెక్కలన్నీ నానోసెకన్ల పూర్ణాంకాల్లోనే చేసి, చూపేటప్పుడు మాత్రమే మిల్లీసెకన్లకి మార్చండి. చూపేటప్పుడూ మెషీన్ చెదురును మించిన అంకెలు వేయకండి. ఒకటిన్నర శాతం చెదిరే కొలతలో 412.7386 మిల్లీసెకన్లు అని రాస్తే చివరి నాలుగు అంకెలకీ అర్థం లేదు, 413 చాలు.